చలికాలానికి కప్పిపెట్టిన ఆటో

మా బాపు ఆటోను చలికాలానికి భద్రం చేయడానికి నేను రాసుకున్న జాబితాలో పదహారు అంశాలున్నాయి. ఆ పేజీ ఇప్పటికీ నా నోటుపుస్తకంలో ఉంది. పదహారింటికీ ఎదురుగా టిక్కులున్నాయి. ఒక్కో అంశాన్ని విడిగా తీసి చూస్తే ఏదీ తప్పు కాదు. నేను మెకానికల్‌లో డిప్లొమా చేసి, ఆ తర్వాత ఇంజినీరింగ్ చదివినవాణ్ణి. ఇంజిన్ కొన్ని నెలలు కదలకుండా నిలబడితే కార్బురేటర్‌కు ఏమవుతుందో, బ్యాటరీకి ఏమవుతుందో, టైరు నేలకు ఆనిన చోట ఎట్లా చదునవుతుందో నాకు తెలుసు.

హైదరాబాదులో ఎవరూ బండిని చలికాలానికని దాచరు. ఇక్కడి చలికి ఇంజిన్లు చెడిపోవు. ఎవరికైనా బండితో పని లేకపోతే గోడకు ఆనించి, చక్రం కింద ఒక రాయి పెట్టి వదిలేస్తారు. నేను పదహారు అంశాలు ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్పాలంటే బాపు ఎడమ చెయ్యి దగ్గర మొదలుపెట్టాలి.

ఆ ఏడు దసరాకు ఎప్పటిలాగే బండి కడిగి, బంతిపూల దండలు వేసి, గుమ్మడికాయ కొట్టి, మూడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. అది జరిగిన పదో రోజున, నారాయణగూడ చౌరస్తా దగ్గరి స్టాండులో, గిరాకీ ఎక్కి కూర్చున్న తర్వాత, బండి స్టార్ట్ చేయడానికి కిందికి చెయ్యి చాపాడు. చెయ్యి లివర్‌ను పట్టుకోలేదు. రెండోసారి చాపాడు. అప్పటికే నోరు ఒక పక్కకు లాగుతున్నది. స్టాండులో బాపుతో పాటు ఇరవై ఏళ్లుగా ఆటో నడుపుతున్న మనిషి ఒకాయన ఉన్నాడు. నేను కాకా అని పిలుస్తాను. ఆయనే బాపును వెనక సీట్లో పడుకోబెట్టి, బాపు బండినే తోలుకుంటూ ఆసుపత్రికి తీసుకుపోయాడు.

పక్షవాతం ఎడమ వైపు వచ్చింది. మాట రెండు రోజుల్లో తిరిగి వచ్చింది. కాలు పన్నెండు రోజులకు, కర్ర పట్టుకుని ఈడ్చుకుంటూ నడిచేంత వచ్చింది. చెయ్యి రాలేదు.

మా బండి పాతది. అందులో ఎడమ చేతికి మూడు పనులు. సీటు పక్కన కింద ఉన్న లివర్‌ను పైకి గుంజి ఇంజిన్ లేపాలి. పిడి ముందున్న క్లచ్ లివర్‌ను పట్టాలి. క్లచ్ పట్టే ఉంచి అదే పిడిని తిప్పి గేరు మార్చాలి. కుడి చేతికి యాక్సిలరేటర్ తప్ప పెద్ద పని లేదు, బ్రేకు కాలితో. నేను ఆసుపత్రి వరండాలో కూర్చుని ఇదంతా నోటుపుస్తకంలో బొమ్మ గీసి చూసుకున్నాను. ఎట్లా మార్చి గీసినా ఎడమ చెయ్యి లేకుండా ఆ బండి కదలదు. బండి కదలకుండా మా బాపు ఏమవుతాడో గీయడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "మొదటి మూడు నెలల్లో ఎంత వస్తే అదే ఎక్కువ. తర్వాత కూడా వస్తది, కానీ చాలా నెమ్మది. పొద్దుటి చలిలో బయట తిప్పకండి. చెయ్యిని మాత్రం ఊరికే ఉంచకండి." ఆ నాలుగు వాక్యాలు రాసుకున్నాను. మూడు నెలలు అన్న మాట కింద గీత గీశాను.

మేముండేది అశోక్‌నగర్‌లో, హాస్టళ్ల మధ్య ఒక గల్లీలో, కింది అంతస్తులో రెండు గదుల పోర్షన్. గడప దాటితే రెండు మెట్లు, మెట్లు దిగితే ఆరడుగుల దూరంలో గోడవారగా ఆటో. అమ్మ పక్క గల్లీలోని ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఐదింటికి వెళ్తే తొమ్మిదింటికి వస్తుంది. నేను ఇంజినీరు ఉద్యోగ పరీక్షకు చదువుతున్నాను. చిక్కడపల్లిలోని రీడింగ్ హాల్లో కుర్చీ దొరకాలంటే ఆరింటికల్లా ఇల్లు దాటాలి. అంటే ఆరు నుంచి తొమ్మిది దాకా బాపు ఒక్కడే. ఆ మూడు గంటల గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. నిద్రపోతాడనుకున్నాను.

కార్తీక పౌర్ణమి దాటాక కాకా వచ్చాడు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, కాసేపు స్టాండు ముచ్చట్లు చెప్పి, అసలు సంగతి తీశాడు.

"బండి ఊకెనే పడి ఉన్నది. మా అంబర్‌పేట్ పిలగాడొకడున్నడు, మంచోడే. కిరాయికి ఇద్దామా?"

బాపు కుడి చేత్తో ఎడమ చేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. "నీ పెండ్లాన్ని ఇస్తవా కిరాయికి?"

"ఆమెను ఎవడు తీస్కపోతడు," అన్నాడు కాకా. "పోయినోడు దినాం తిట్లు పడాలె."

అమ్మ వంటగదిలోంచి, "అన్నా, నీ నోరు జర కడుక్కో," అంది. ముగ్గురూ నవ్వారు. ఆసుపత్రి తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడడం అదే మొదలు.

నవ్వు ఆగాక బాపు అన్నాడు. "చలికాలం పోనియ్యి. శివరాత్రికి నేనే తీస్త బండి."

కాకా నా వైపు చూసి కళ్లు దించుకున్నాడు. నాకు మాత్రం ఆ మాట పని అప్పగించినట్టు వినిపించింది. శివరాత్రి పొద్దున, మొదటి గుంజుడుకే ఇంజిన్ లేవాలి. అది సాధించవలసిన ఫలితం. దానికి ఏమేం చేయాలో నేను రాయగలను. మెదడులో ఒక చిన్న రక్తనాళం మూసుకుపోతే దానికి నేను చేయగలిగింది లేదు. కార్బురేటర్‌లో మూసుకుపోయిన సన్నటి జెట్‌ను మాత్రం తీసి శుభ్రం చేయగలను.

మంచు పడే దేశాల్లో బండ్లను నాలుగైదు నెలలు షెడ్లలో పెడతారు. దానికి పద్ధతులున్నాయి. నెట్‌లో దొరికిన మాన్యువళ్లు మూడు చదివి, మన బండికి పనికిరానివి కొట్టేసి, జాబితా తయారుచేశాను. ఒక శనివారం, ఆదివారం పని పెట్టుకున్నాను.

పాత ఆయిల్ వంపి కొత్తది పోశాను. మా బండి గ్యాసుతోనూ పెట్రోలుతోనూ నడిచేది కాబట్టి గ్యాస్ వాల్వు మూశాను. బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టాను. మూడు చక్రాలూ నేలను తాకకుండా ఇరుసుల కింద ఇటుకలు పేర్చాను. సీట్ల కింద ఎలుకలు చేరకుండా కలరా ఉండలు వేశాను. మీటరుకు పాలిథిన్ కవరు తొడిగాను. తుప్పు పట్టకుండా క్లచ్ కేబులు కొన విప్పి, లోపలికి నూనె జార్చి, తిరిగి తగిలించకుండా అలాగే వదిలాను. దొంగ ఎవడైనా వచ్చినా తోలుకుపోలేడని అదొక లాభం.

కాకా ఆదివారం మధ్యాహ్నం వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని చూశాడు. "ఏందిరా ఇది? బండికి చలి పెడ్తదా?"

"రబ్బరు, ఆయిల్ పాడుకాకుండ కాకా."

"ఒక స్వెటర్ గూడ అల్లియ్యి. మీ అమ్మకు చెప్త, ఊలు తెప్పిస్తది."

బాపు గడపలో కుర్చీ వేసుకుని అంతా చూస్తున్నాడు. కాకా మాటకు నవ్వలేదు.

క్లచ్ కేబులు విప్పేటప్పుడే పిడికి ఒక గుడ్డ కట్టి ఉండడం చూశాను. అమ్మ పాత చీర అంచు చింపిన పేలిక. జేబురుమాలంత పొడవు, చెమటకు నల్లబడి, రెండు ముళ్లతో బిగుసుకుని ఉంది. ముళ్లు ఊడకపోతే బ్లేడుతో కోశాను.

"అది ఉండనియ్యరాదు," అన్నాడు బాపు.

"ఏది బాపు?"

ఆయన కొంచెంసేపు గుడ్డను చూశాడు. "ఏం లేదు తియ్యి."

"మురికి గుడ్డ. తేమ పట్టుకుంటది, పిడి తుప్పు పడ్తది," అన్నాను. అది నిజమే. శుభ్రం చేయడం ఆరో అంశం. పదమూడో అంశం సైలెన్సర్ నోటికి గుడ్డ కుక్కడం, లోపలికి తేమ, పురుగు పోకుండా. చేతిలో గుడ్డ ఉంది కాబట్టి పక్కన పెట్టాను.

దానికంటే ముందు కార్బురేటర్ ఖాళీ చేయాలి. అందులో పెట్రోలు మిగిలితే జిగురుగా మారి సన్నటి రంధ్రాలు మూసేస్తుంది. పెట్రోలు కాక్ మూసేసి, మిగిలింది కాలిపోయేదాకా ఇంజిన్‌ను నడిపించి, దానంతట అదే ఆగిపోనివ్వాలి. కేబులు లేకపోయినా గేరు న్యూట్రల్‌లో ఉంది కాబట్టి లివర్ గుంజాను. మూడో గుంజుడుకు లేచింది. ఐదారు నిమిషాలు మామూలుగా నడిచింది. తర్వాత చప్పుడు పలచబడింది. ఒకసారి తేరుకుంది. ఎగిరిపడి, దగ్గి, మళ్లీ తేరుకుని, ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే గడపలో కుర్చీ ఖాళీగా ఉంది. లోపల బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఏమైంది?" అన్నాడు అటే చూస్తూ.

"ఏం గాలే బాపు. కార్బురేటర్ ఖాళీ చేసిన. శివరాత్రికి ఒక్క గుంజుడుకే లేస్తది."

"మంచిది. చదువుకున్నోనివి."

ప్లగ్గు తీసి, లోపల నాలుగు చుక్కలు ఆయిల్ వేసి మళ్లీ బిగించాను. సైలెన్సర్‌లో గుడ్డ కుక్కాను. నీలం టార్పాలిన్ కప్పి, కింది నుంచి తాడు తిప్పి, ఎనిమిది చోట్ల ముడి వేశాను. పదహారో టిక్కు పెట్టాను. ఆ సాయంత్రం నాకు చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

చేతికి కూడా జాబితా ఉంది. హిమాయత్‌నగర్‌లో ఫిజియోథెరపీ చేసే మేడం ఒక మెత్తటి బంతి ఇచ్చి, రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి ఇరవై పిసుకుళ్లు అని చెప్పింది. నేను గళ్లు గీసి, తేదీలు వేసి, గోడకు అంటించాను. సాయంత్రం రీడింగ్ హాలు నుంచి రాగానే మొదట ఆ కాగితం చూసేవాణ్ణి. మూడు టిక్కులుంటే చెప్పులు విడిచి చదువుకు కూర్చునేవాణ్ణి. రోజూ మూడు టిక్కులూ ఉండేవి.

బండి కప్పక ముందు వారం, మేడం బాపు చేతిలో తన వేలు పెట్టి పట్టమంటే, బొటనవేలు కదిలింది. చూపుడువేలు ఆమె వేలి మీదికి వచ్చి ఆగింది. ఆమె ముఖం వెలిగింది. బండి కప్పిన రెండు వారాలకు బొటనవేలు లోపలికి ముడుచుకోవడం మొదలైంది. మూడో వారం అరచెయ్యి తెరవాలంటే నేను ఒక్కో వేలిని పట్టుకుని లాగాల్సి వచ్చింది. ఐదో వారానికి మణికట్టు కిందికి వంగిపోయింది. ఆ వారాల్లో బాపు తిండి తగ్గించాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. గడప దాకా కూడా వచ్చేవాడు కాదు. చలి అనుకున్నాను. చలి తగ్గితే లేస్తాడనుకున్నాను. రీడింగ్ హాల్లో పుస్తకం తెరిచి పెట్టుకుని, పోయిన రోజులు ఎన్ని, మిగిలిన రోజులు ఎన్ని అని పేజీ మూలల్లో రాసుకునేవాణ్ణి. అరవై నాలుగు పోయినయ్. ఇరవై ఆరున్నయ్. అరవై ఐదు. ఇరవై ఐదు. ఆ మూలలు తప్ప ఆ నెల నేను చదివింది నాకేమీ గుర్తులేదు.

ఐదో వారం మేడం బాపు చెయ్యిని అటూ ఇటూ తిప్పి చూసి, మమ్మల్ని అడిగింది. "నెల కింద బాగ మొదలైంది గదా. అప్పుడేం చేస్తుండ్రి, ఇప్పుడేం బంద్ చేసిండ్రు?"

బాపు కిటికీ వైపు చూశాడు. నేను బ్యాగులోంచి గోడ కాగితం తీసి చూపించాను. ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

ఆమె దాన్ని చదివి మడిచి నాకే ఇచ్చింది. "ఇన్ని చేసిన చెయ్యి ఇట్ల ఉండదు తమ్ముడూ."

కాకా ఆటోలో ఇంటికి వచ్చాం. బాపును పడుకోబెట్టి, వంటగదిలోకి పోయి, కాగితం అమ్మ ముందు పెట్టాను.

"ఈ టిక్కులు ఎవరు పెట్టిండ్రు?"

అమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "నేనే పెట్టిన."

"బాపు చేస్తనే పెట్టినవా?"

"బంతి ఇస్తే గోడకు కొడ్తడు. రెండుసార్లు తెచ్చి ఇచ్చిన, మూడోసారి కిటికీల నుంచి ఇసిరిండు. మురికికాల్వల పడ్డది. ఇంక ఏం పిసుకమంటవ్?"

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం జేస్తవ్? అరుస్తవ్. ఆయన అరుస్తడు. నేను నాలుగింటికి లేవాలె." అప్పుడు తల ఎత్తింది. "నువ్వు రాంగనే ఎటు చూస్తవ్? గోడకు చూస్తవ్. మంచం మీద మనిషి ఉన్నడు, ఒక్కనాడన్న పక్కన కూసున్నవా? చెయ్యి పట్టుకొని చూసినవా? నీకు కాయితం నిండాలె. నింపిన."

నేను ఆ కాగితాన్ని చింపలేదు, విసిరేయలేదు. అక్కడే నిలబడి, అరవై ఎనిమిదో రోజు గడిలో ఆ రోజు సాయంత్రానికి అమ్మ ముందుగానే పెట్టిన టిక్కును చూస్తూ ఉండిపోయాను.

మరుసటి రోజు రీడింగ్ హాలుకు పోలేదు. ఆరింటికి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మా ఇంటికి ఎదురుగా హాస్టలు పిల్లల కోసం ఇడ్లీ బండి పెట్టే అక్క ఉంది. మహబూబ్‌నగర్ వైపు మనిషి. మా బాపుదీ ఆ దిక్కే కాబట్టి ఆయన్ను పెద్దన్న అంటుంది. స్టవ్ ముట్టించి, నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

"ఏంది తమ్మి, ఇయ్యాల పోలేదా?"

"లేదక్కా."

"పెద్దన్న ఎట్లున్నడు? ఈ మధ్య బయటికే వస్తలేడు."

"ఆయన ఎన్నడొచ్చిండక్కా బయటికి? పొద్దున చలిల రావద్దని డాక్టరు చెప్పిండు."

ఆమె గిన్నె మీద గుడ్డ సర్దుతూ, నేను తెలియక అడుగుతున్నానా, తెలిసి అడుగుతున్నానా అన్నట్టు చూసింది. "నువ్వు ఇట్ల పోంగనే ఆయన అట్ల వస్తుండె. దినాం. కర్ర పట్టుకొని మెట్లు దిగేటోడు. బండి అద్దం తుడిచేటోడు, రెండు ఊదుబత్తీలు పెట్టేటోడు, ఎక్కి కూసునేటోడు. చెయ్యి నిలుస్తలేదని గుడ్డతోని పిడికి కట్టుకునేటోడు. పండ్లతోని ముడి వేసుకునేటోడు. ఇంక గంట, గంటన్నర, పట్టుడు ఇడుసుడు, పట్టుడు ఇడుసుడు. ఇడ్లీ ఇస్తే గూడ ఆగు చెల్లె, మెహిదీపట్నం గిరాకీ ఉన్నది, దించి వస్త అంటుండె."

ఆమె నవ్వింది. నా ముఖం చూసి నవ్వు ఆపింది.

"నువ్వు మూట కట్టినవ్ గదా, మర్నాడు గూడ వచ్చిండు తమ్మి. తాడు ఇప్పనీకె చూసిండు. ఒక్క చేత్తోని రాలే. శానాసేపు నిలబడ్డడు. నేను ఇప్పాల్నా అన్న. వద్దు, పిలగాడు కష్టపడి కట్టిండు అన్నడు. అంతే, మళ్ల రాలే."

పక్షవాతం తర్వాత ఆ చేతికి నిజమైన క్లచ్‌ను పట్టగలిగేంత బలం ఎప్పుడూ లేదు. నాకు తెలుసు. అది కదిలించలేని బరువుతో గంటన్నరసేపు పోరాడింది. ఆ పోరాటమే వేళ్లను తెరిచి ఉంచింది. మూడు నెలల్లో ఐదు వారాలు దాన్ని ఎనిమిది ముళ్ల కింద కప్పి పెట్టాను. ఇరవై రెండు రోజులు మిగిలాయి.

ముళ్లు విప్పాను. ఆరు ఊడాయి. రెండు రాలేదు, కోశాను. టార్పాలిన్ లాగితే లోపల బండి చెక్కుచెదరలేదు. ఎలుక లేదు, తుప్పు లేదు, సీటు మీద దుమ్ము కూడా లేదు. ఎవరైనా మార్కులు వేస్తే నూటికి నూరు వేసేవాళ్లు. నేను సైలెన్సర్ దగ్గర కూర్చుని లోపలికి రెండు వేళ్లు పెట్టి గుడ్డ బయటికి లాగాను. మసికి నల్లగా, మొన దగ్గర నూనెతో తడిసి ఉంది. మధ్యలో ఒకచోట పంటి గాట్లకు దారాలు విడిపోయి ఉన్నాయి. కోసినప్పుడు నేను వాటిని చూడలేదు.

సబ్బు పెట్టి మూడుసార్లు ఉతికాను. మసి పోలేదు.

బాపు రానన్నాడు. "ఇప్పుడేం లాభం? పోయింది పోయింది. కప్పేసెయ్యి మళ్ల."

"ఒక్కసారి కూసో బాపు."

"ఎందుకు? లిస్టుల రాసినవా?"

చేతిలోని గుడ్డ చూపించాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూశాడు. అమ్మ హాస్టలు నుంచి వచ్చి గడప దగ్గర నిలబడింది.

"అది పొగగొట్టంల పెట్టినవా?" అన్నాడు చివరికి.

"పెట్టిన."

"మీ అమ్మ పెండ్లి చీర కొస రా అది."

"నా పెండ్లి చీర ఎప్పుడు చింపినవ్?" అంది అమ్మ.

"నువ్వు గంజి వార్చే పీలికలల్ల ఉండె. నేనేం పెట్టెల నుంచి తీసిన్నా?"

వాళ్లు ఆ విషయం మీద కొంచెంసేపు గొడవపడ్డారు. ఆ గొడవలోనే ఆయన లేచి కర్ర అందుకున్నాడు.

క్లచ్ కేబులు తగిలించలేదు. ఆ చేతికి అది ఇప్పుడు మరీ ఎక్కువ బరువు. సైకిల్ ట్యూబును వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి, ఒక పట్టీని క్లచ్ లివర్‌కూ ముందున్న క్లాంపుకూ మధ్య కట్టాను. కేబులు బదులు అది లివర్‌ను వెనక్కి లాగి పట్టుకుంటుంది. చెయ్యి బలపడితే రెండు పట్టీలు, తర్వాత మూడు, ఆ తర్వాత అసలు కేబులు. ఇటుకలు తీసి చక్రాలు నేల మీదికి దించాను. ఊగని బండిలో బండి ఎక్కినట్టుండదని బాపు అన్నాడు. బాపు పక్కన, డ్రైవరు సీటు అంచు మీద ఇరుక్కుని కూర్చుని, ముడుచుకున్న వేళ్లను ఒక్కొక్కటే తెరిచి, పిడి మీద పెట్టి, గుడ్డ చుట్టి ముడి వేశాను. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉంటుందో అప్పుడే తెలిసింది. డెబ్బై రోజుల్లో నేను ఆ చేతిని అంతసేపు పట్టుకోవడం అదే మొదటిసారి.

మొదటి రోజు క్లచ్ లివర్ కదలలేదు. రెండో రోజు కదలలేదు. పదో రోజున కదిలిందని బాపు అన్నాడు, భుజంతో లాగాడని నేనన్నాను. ఇద్దరం పోట్లాడుకున్నాం. అప్పటి నుంచి స్టీలు స్కేలు పెట్టి కొలుస్తున్నాను. వదిలేసినప్పుడు లివర్ కొనకూ పిడికీ మధ్య ఎనభై నాలుగు మిల్లీమీటర్లు. క్లచ్ విడవాలంటే అది ఇరవై దాకా రావాలి. డాక్టరు చెప్పిన మూడు నెలలు నిండిన రోజున ఎనభై ఒకటి వచ్చింది.

శివరాత్రి వచ్చి పోయింది. ఆ పొద్దున బాపు గడ్డం గీయించుకుని, ఖాకీ చొక్కా వేయించుకుని బండిలో కూర్చున్నాడు. కాకా వచ్చాడు. ఎవరూ స్టార్టు లివర్ గుంజమనలేదు. ఒక్క గుంజుడుకు లేస్తుందో లేదో నేను చూడలేదు. ఆ రోజు స్కేలు మీద డెబ్బై ఎనిమిది.

ఇప్పుడు ఎండలు ముదిరాయి. పరీక్ష తేదీ ప్రకటించారు, ఎప్పుడో నాకు తెలుసు, దాని గురించి రాయను. పొద్దున ఆరింటికి రీడింగ్ హాలుకు బదులు బండి దగ్గరికి వస్తున్నాను. గోడ మీద కాగితం లేదు. నిన్న డెబ్బై ఆరు. మొన్న డెబ్బై ఆరు. పన్నెండు రోజులుగా డెబ్బై ఆరే. ఈ రోజు బాపు నలభైసార్లు పట్టాడు. చెమట చెంప మీదుగా మెడలోకి కారింది. చివరిసారి పట్టినప్పుడు పళ్లు కొరుక్కుని, కళ్లు మూసుకుని అడిగాడు.

"ఎంత?"

స్కేలు చూశాను. "డెబ్బై ఐదు."

ఆయన కళ్లు తెరిచి నా ముఖం వైపు చూశాడు. పట్టు వదిలి, ఊపిరి తీసుకున్నాడు.

"మీ అమ్మ లెక్కనే టిక్కులు పెడుతున్నవ్," అన్నాడు. "ఉన్నది చెప్పు."

"డెబ్బై ఆరు, బాపు. నిన్నటంతే."

ఎదురుగా ఇడ్లీ అక్క మూత తీస్తే ఆవిరి లేచింది. హాస్టలు పిల్లలు ఒక్కొక్కరే ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడుతున్నారు. గుడ్డ ముడి వదులైంది.

"బిగ్గరగ కట్టు," అన్నాడు.